బ్రహ్మగారి కునుకు, మన ఊరి వరద

చిత్తూరులో డిగ్రీ చదివే అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ వీధి రామాలయంలో భాగవత సప్తాహం జరుగుతోందట. మత్స్యావతారం చెప్పిన రోజు, బ్రహ్మదేవుడికి నిద్ర ముంచుకొచ్చి నోట్లోంచి వేదాలు జారిపోయాయని, వాటిని రాక్షసుడు ఎత్తుకుపోయాడని విన్నాడు. పొరపాటు చేసేవాణ్ణి దేవుడని ఎందుకనాలి అన్నది అతని మొదటి ప్రశ్న. బాబిలోనియాలో, బైబిల్లో, మన పురాణాల్లో ఒకేలాంటి జలప్రళయం కథ ఉందంటే అది నిజంగా జరిగినట్టేనా, లేకపోతే దానికి ప్రకృతిలో కారణాలున్నాయా అన్నది రెండోది.

నాయనా, మనవడి వయసువాడివి కాబట్టి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు. తిరుపతిలో 31 ఏళ్ళు పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పాను. మా నాయన శ్రీకాళహస్తి పక్క పల్లెలో పురాణం చదివేవాడు. నీ రెండు ప్రశ్నలకూ చెరి సగం అర్హత ఉందన్న ధైర్యంతో రాస్తున్నా.

ముందు సూటిగా చెప్పేస్తా. మన కథల్లో దేవతలు తప్పు చేస్తారు, ఒకసారి కాదు, బోలెడుసార్లు. ప్రపంచం మొత్తాన్నీ ముంచిన వరద ఒకటి ఎప్పుడూ రాలేదు. ఎవరి ఊరిని ముంచిన వరద వాళ్ళకు వచ్చింది. ఇంకో మాట, నువ్వు వీటిని రెండు ప్రశ్నలనుకుంటున్నావు గానీ నా లెక్కలో రెండూ ఒకటే ప్రశ్న. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

బ్రహ్మ నిద్ర సంగతి భాగవతం ఎనిమిదో స్కంధం చివర్లో ఉంది. మా నాయన అది చదివినప్పుడు నాకు పదేళ్ళుంటాయి. ముందు వరసలో కూర్చునే ఓ రైతు లేచి, "అయ్యా, బ్రహ్మకు కునుకేంది, ఆయన కూడా మా నీరుగంటి మాదిరేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నీరుగంటి అంటే తెలుసుగా, చెరువు తూము ఎత్తి దించి మళ్ళకు నీళ్ళు పంచేవాడు. ఆ ఏడాది ఒక రాత్రి నిద్రపట్టేసి తూము దించకపోతే నాలుగెకరాల నారు కొట్టుకుపోయింది, ఆ కోపం ఇంకా జనంలో ఉంది. మా నాయన పుస్తకం మీద వేలు పెట్టి ఆపి, "అవును, అట్లాంటి ఉద్యోగమే. ఆయనది పెద్ద చెరువు" అని మళ్ళీ చదువు అందుకున్నాడు.

నలభై ఏళ్ళు చదివినా నాకు అంతకంటే మంచి జవాబు దొరకలేదు. మన పురాణాల్లో బ్రహ్మ, ఇంద్రుడు, అగ్ని, వరుణుడు అన్నవి పదవులు. ఇంద్రుడనేది ఒకడి పేరు కాదు, కుర్చీ పేరు. ఒక కల్పంలో, అంటే బ్రహ్మకు ఒక పగలు గడిచేలోగా, 14 మన్వంతరాలు, ప్రతి మన్వంతరానికీ ఒక మనువు, ఒక ఇంద్రుడు, ఒక జట్టు సప్తర్షులు. ఇప్పటి ఇంద్రుడు దిగిపోయాక వచ్చే మన్వంతరంలో ఆ కుర్చీ బలి చక్రవర్తిదని అదే స్కంధం చెబుతుంది. ఎవర్ని పాతాళానికి తొక్కేశారో వాడికే తర్వాత ఆ పదవి! కాలపరిమితి ఉన్న పదవిలో కూర్చున్నవాడికి భయం ఉంటుంది, అసూయ ఉంటుంది, కునుకూ ఉంటుంది. అహల్య దగ్గరికి దొంగలా వెళ్ళినవాడు, ఎవడు తపస్సు చేసినా గుండె దడతో అప్సరసను పంపినవాడు ఆ కుర్చీలో ఉన్నవాడే.

ఆ ఇంద్రుడు చేసిన తప్పుల్లో ఒకటి వరదే. గోకులంలో తన యాగం ఆపేశారని ఏడు రోజులు రాళ్ళవాన కురిపించాడు. కృష్ణుడు గోవర్ధనం ఎత్తాడు. అంతవరకూ అందరికీ తెలుసు. ఆ తర్వాత వచ్చే ఒక అధ్యాయాన్ని మాత్రం చాలామంది ప్రవచనకారులు గబగబా దాటేస్తారు. ఇంద్రుడు సిగ్గుతో తలదించుకుని, ఒంటరిగా ఉన్న కృష్ణుడి దగ్గరికి వచ్చి క్షమాపణ అడుగుతాడు. కామధేనువూ అతనూ కలిసి కృష్ణుడికి అభిషేకం చేసి ఒక పేరు పెడతారు. ఆ పేరు గోవిందుడు. అలిపిరి మెట్లెక్కుతూ గొంతు బొంగురు పోయేదాకా మనం అరిచే గోవింద నామం, భాగవతం ప్రకారం, అన్యాయంగా వరద తెచ్చిన ఒక దేవుడు తప్పు ఒప్పుకున్నప్పుడు పుట్టింది. నా క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు రాయి కంటే దీన్నే ఎక్కువ రోజులు గుర్తుపెట్టుకునేవాళ్ళు.

"సరే, ఇంద్రుడు పోతే పోయాడు, పరమాత్మ సంగతేంటి?" అంటావు. అక్కడ మన సిద్ధాంతాలు గట్టిగా నిలబడతాయి. రామానుజులవారు పరబ్రహ్మానికి రెండు లక్షణాలు చెబుతారు: ఏ దోషమూ అంటనిది, కల్యాణగుణాలకు నిలయమైనది. మన గోవిందరాజస్వామిని తిరుపతిలో ప్రతిష్ఠించింది ఆయనే అని సంప్రదాయం, అందువల్ల ఈ ఊళ్ళో ఆ మాటకు బరువెక్కువ. మరి లోకంలో ఒకడికి సుఖం, ఒకడికి ఏడుపు ఎందుకు, దేవుడికి పక్షపాతమా, దయ లేకపోవడమా అన్న ప్రశ్న బ్రహ్మసూత్రాల్లోనే, రెండో అధ్యాయం మొదటి పాదంలో, ముఖం మీదే అడిగారు. శంకరుల భాష్యం అక్కడ ఈశ్వరుణ్ణి వానతో పోలుస్తుంది. వరి మొలిచినా యవలు మొలిచినా వాన ఒకటే, తేడా విత్తనంలో ఉంది, అట్లాగే జీవుడి కర్మలో ఉంది అని.

పోలిక అందంగానే ఉంటుంది. వాన పొలం మీద పడినంతవరకూ. ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ పోలిక ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను, చెబుతా.

దానికి ముందు మన కొండ మీద స్వామి గురించి ఒక్క మాట. పొరపాట్లే లేని దేవుణ్ణి ఊహించుకోవడం మన ఊరివాళ్ళకు సిద్ధాంతంలో వచ్చు, ప్రేమలో రాదు. భృగువు గుండెల మీద తన్నితే కాలు పట్టినవాడు, భార్య అలిగి వెళ్ళిపోతే వెతుక్కుంటూ వచ్చినవాడు, పెళ్ళి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు చేసి కలియుగం చివరిదాకా వడ్డీ కడుతున్నవాడు. 'వడ్డికాసులవాడు' అని ముద్దుగా పిలుస్తామే, అది అప్పు, వడ్డీ లెక్కల్లో పడ్డ మనిషికి పెట్టే పేరు! ఇవన్నీ లీల అని పండితులంటారు. కావచ్చు. లీల అని తెలిసిన భక్తుడు కూడా హుండీలో వేసేటప్పుడు 'పాపం, వడ్డీకి సరిపోతుందో లేదో' అనుకుంటాడు చూడు, నాకు ఆ 'పాపం' అన్న మాట ముఖ్యం.

ఇక బాబిలోనియా, అంటే ఇప్పటి ఇరాక్ వైపు. 1872లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఉద్యోగి ఒక మట్టి పలక మీది మేకుల లిపి చదువుతూ, పడవ, కొండ, వదిలిన పక్షి అన్న ముక్కలు చూసి అదిరిపోయాడు. బైబిల్లోని నోవహు కథకు అది అన్నగారు. గిల్గమేష్ అనే రాజు కథలోని పదకొండో పలక అది. దానికంటే పాత కథ ఇంకొకటుంది, అందులో వరదకు కారణం వింటే నీకు నవ్వొస్తుంది. మనుషులు ఎక్కువైపోయి గోల చేస్తుంటే ఎన్లిల్ అనే దేవుడికి నిద్ర పట్టలేదట! మన దగ్గర దేవుడు నిద్రపోతే వరద, వాళ్ళ దగ్గర దేవుడికి నిద్ర పట్టకపోతే వరద.

గిల్గమేష్ కథలో వరద మొదలయ్యాక అక్కడి దేవతలే హడలిపోయి పైలోకానికి పరుగెత్తి, గోడవారన కుక్కల్లా ముడుచుకుని కూర్చుంటారు. ఇష్తార్ దేవత 'నా పిల్లలు చేప పిల్లల్లా సముద్రం నిండా తేలుతున్నారే' అన్నట్టు ఏడుస్తుంది. నీళ్ళు తీశాక బతికినవాడు హోమం చేస్తే ఆకలితో ఉన్న దేవతలు ఈగల్లా ముసురుతారు. అప్పుడు ఇయా అనే దేవుడు ఎన్లిల్‌ను నిలదీస్తాడు. తప్పు చేసినవాడి మీద తప్పు మోపు, పాపం చేసినవాడి మీద పాపం మోపు, ముందూ వెనకా చూడకుండా అందర్నీ ముంచుతావా అని.

నాలుగు వేల ఏళ్ళ నుంచి మనుషులు చెప్పుకుంటున్న వరద కథల్లో నాకు అన్నిటికంటే విలువైన చోటు అది. అక్కడ చచ్చిపోయినవాళ్ళు పాపులు కారు. తప్పు ముంచినవాడిది. అదే కథ బైబిలుకు వచ్చేసరికి దేవుడు ఒక్కడే, ఆయన తప్పు చేయడానికి వీల్లేదు. మరి వరద ఎందుకొచ్చింది? లోకమంతా చెడిపోయింది కాబట్టి. ఇక మునిగినవాళ్ళందరూ చెడ్డవాళ్ళు అయి తీరాల్సిందే. మనుషుల్ని చేసినందుకు దేవుడు నొచ్చుకున్నాడని ఆదికాండం ఆరో అధ్యాయంలో ఒక మాట మిగిలిపోయింది. ఆ మాటను ఎట్లా అర్థం చెప్పాలా అని వాళ్ళ వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా తర్జనభర్జన పడుతున్నారు, మనవాళ్ళు బ్రహ్మ నిద్ర దగ్గర పడ్డట్టే. మన మత్స్యకథలో మాత్రం ఎవరి పాపమూ లేదు, గమనించావా? బ్రహ్మకు పొద్దుపోయింది, రాత్రయింది, నీళ్ళు వచ్చాయి. అంతే.

అందుకే రెండూ ఒకటే ప్రశ్న అన్నాను. దేవుడికి తప్పు అంటదని పట్టుబడితే ఆ తప్పు మునిగినవాడి నెత్తిన పడుతుంది. దేవుడిదో వాతావరణానిదో అని ఒప్పుకుంటే మునిగినవాడు బయటపడతాడు.

ఇప్పుడు నేను చూసింది. 2021 నవంబరు 18న తిరుపతిలో వాన మొదలైంది. పొద్దుగూకేసరికి మా వీధిలో మోకాలి లోతు, రాత్రికి నడుం లోతు. మా పక్కింట్లో ఒక అవ్వ, ఆమె మనవడు ఉంటారు. తెల్లారి నీళ్ళు తీశాక వాళ్ళింటికి వెళ్తే ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, తడిసి ఉబ్బి పగిలిన బియ్యం మూట వైపు చూస్తా ఉంది. "ఏం పాపం చేసినామో నాయనా" అనింది. అంతకుముందే ఎవరో పెద్దమనిషి వచ్చి, ఊళ్ళో పాపం పెరిగిపోయింది, అందుకే కొండ మీద నుంచే నీళ్ళు దిగినాయి అని చెప్పి వెళ్ళాడట. శంకరుల వాన పోలిక నాకు అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని ఆమెతో చెప్పే ధైర్యం ఎవరికైనా ఉంటుందా? నీళ్ళు మా ఇంట్లోకీ వచ్చాయి, కాకపోతే మాది రెండు మెట్లు ఎత్తు. నా కర్మ ఆమె కర్మ కంటే సరిగ్గా రెండు మెట్లు మంచిదనుకోవాలా?

కారణం నాకు తెలుసు, అది కళ్ళెదురుగా ఉంది. నవంబరులో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు తీరం దాటి నేరుగా వచ్చి శేషాచలం కొండలకు కొట్టుకుంటాయి. తడిగాలి కొండెక్కుతూ చల్లబడి మొత్తం అక్కడే కుమ్మరిస్తుంది. కొండ పైనంతా క్వార్ట్‌జైటు, ఇనుములాంటి రాయి, నీటిని తాగదు. కపిలతీర్థం జలపాతం, మాల్వాడి గుండం మీదుగా ఆ నీళ్ళు గంటల్లో కిందికి దిగుతాయి. దిగినవి పూర్వం వంకల్లో పడి, గుంటలు నింపి, చెరువులు మొరవ పోయి స్వర్ణముఖిలో కలిసేవి. ఇప్పుడు వంక మీద రోడ్డుంది, గుంటలో కాలనీ ఉంది. తాతయ్యగుంట, కొర్లగుంట, పేర్లలోనే ఉంది చూడు! మా వీధి కూడా ఒకప్పటి గుంటే, స్థలం కొనేటప్పుడు భూగర్భశాస్త్రం చదివిన నేనే అది పట్టించుకోలేదు. చవగ్గా వచ్చింది మరి.

ఆ మర్నాడు, నవంబరు 19న, పక్క జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత రెండ్రోజులకు మన రాయలచెరువు కట్ట దగ్గర నీరు ఊరుతోందని చుట్టుపక్కల పల్లెలన్నీ ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. 1977లో దివిసీమను ఉప్పెన ముంచి దాదాపు పదివేలమందిని పొట్టనపెట్టుకున్న తేదీ కూడా నవంబరు 19. ఇట్లాంటి తేదీలు కలిస్తే జనానికి ఒళ్ళు జలదరిస్తుంది, నాకూ జలదరించింది. కానీ నవంబరు మన తీరానికి తుఫానుల నెల. ఆ నెలలో పెద్ద విపత్తుల తేదీలు కలవడం, సంక్రాంతికి రెండు పెళ్ళిచూపులు ఒకే రోజు పడ్డట్టే.

ప్రపంచాన్నంతా ముంచిన వరద సంగతికి వద్దాం. లెక్క చిన్నదే. ఇప్పుడు గాలిలో ఉన్న నీటి ఆవిరి మొత్తం ఒక్కసారిగా వానగా పడి భూమంతా సమంగా పరుచుకుంటే లోతు రెండున్నర సెంటీమీటర్లు. చీలమండ కూడా తడవదు. ధ్రువాల్లో, కొండల మీద ఉన్న మంచు అంతా కరిగితే సముద్రం 65, 70 మీటర్లు పెరుగుతుంది. మద్రాసు పోతుంది, నెల్లూరు పోతుంది, సముద్రానికి 850 మీటర్ల ఎత్తున్న తిరుమలకు ఏమీ కాదు. ఎవరెస్టు 8,849 మీటర్లు. అంత నీళ్ళు భూమి మీద లేవు, ఎప్పుడూ లేవు.

మరి ఇన్ని దేశాల్లో కథ ఎందుకుంది? ఎందుకంటే నీళ్ళున్న చోటే ఊళ్ళుంటాయి, నీళ్ళున్న చోటే వరదలుంటాయి. ఇరాక్‌లోని ఉర్ దగ్గర 1929లో లెనార్డ్ ఊలీ తవ్వితే దాదాపు 11 అడుగుల మందాన ఒండ్రు పొర దొరికింది, కింద మనుషుల ఆనవాళ్ళు, పైనా మనుషుల ఆనవాళ్ళు. ప్రళయం దొరికిందని ప్రపంచమంతా గగ్గోలు. తర్వాత చూస్తే దగ్గర్లోనే ఉన్న ఎరిదులో ఆ పొర లేదు. బాబిలోనియా కథానాయకుడి సొంత ఊరైన షురుప్పక్‌లో ఒండ్రు ఉంది గానీ అది క్రీస్తుపూర్వం 2900 ప్రాంతానిది, ఉర్‌లోని పొర అంతకంటే ఎన్నో శతాబ్దాలు పాతది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు ఒక్కో ఊరిని ఒక్కోసారి ముంచాయన్నమాట.

1997లో రయాన్, పిట్మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నల్లసముద్రం మాట ఎత్తారు. మంచుయుగం ముగిసి సముద్రాలు పెరుగుతుంటే, మధ్యధరా నీళ్ళు కట్ట తెంచుకుని ఒక్కసారిగా అప్పటి మంచినీటి సరస్సులో పడి ఒడ్డున ఉన్నవాళ్ళను తరిమాయని వాళ్ళ వాదన. వినడానికి చాలా బాగుంటుంది. నీళ్ళు అంత వేగంగా రాలేదని, మెల్లగానే ఎక్కాయని వేరేవాళ్ళు ఆధారాలు చూపిస్తున్నారు. నా మొగ్గు వాళ్ళ వైపే. చైనాలో యూ మహారాజు కథలో పెద్ద వరద ఉంది గానీ లోకం మునిగిపోవడం లేదు, కాలవలు తవ్వి తవ్వి ఏటిని దారిలో పెట్టడం ఉంది. అది ఇంజనీర్ల కథ. ఈజిప్టులో నైలు ఏటా పొంగితేనే పంట, అందుకేనేమో వాళ్ళకు ఇట్లాంటి జలప్రళయం కథే లేదు. వరద కథ ప్రతి జాతికీ ఉంది అనేవాళ్ళను ఈజిప్టు గురించి అడుగు.

మంచుయుగం మాత్రం నిజంగా పెద్ద విషయం. ఇరవై వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందుండేది. అది ఎక్కుతూ వచ్చి తీరాల్లో ఉన్న మైదానాలను మింగింది. కానీ వేల ఏళ్ళు పట్టింది, తాత చూసిన ఒడ్డుకూ మనవడు చూసిన ఒడ్డుకూ చాలాచోట్ల పెద్ద తేడా ఉండదు. 'ఏడో రోజున సముద్రం లోకాన్ని ముంచుతుంది' అని చేప చెప్పే కథ దాని నుంచే పుట్టిందని నాకు నమ్మకం లేదు.

ఇంకో కారణం నాకు బాగా ఇష్టం, ఎందుకంటే అది నా చేతిలో పట్టుకునే రకం. కొండ మీద సముద్రపు గుర్తులు. మీ ఇంట్లో సాలగ్రామం ఉంటే తీసి చూడు, చక్రం కనిపిస్తుంది గదా. అది అమ్మోనైట్ అనే సముద్రజీవి గవ్వ అచ్చు. దాదాపు 15 కోట్ల ఏళ్ళ కిందటిది, హిమాలయాల్లో గండకీ నదిలో దొరుకుతుంది. పూర్వం అంతెత్తున గవ్వ చూసినవాడికి ఏం తోస్తుంది? నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయనే. తప్పేం లేదు, బుద్ధి ఉన్నవాడికి తోచే మాటే. అసలు జరిగింది తిరగబడిన మాట: సముద్రం కొండెక్కలేదు, సముద్రపు అడుగే లేచి కొండయింది.

అంతదూరం ఎందుకు, తిరుమల రాళ్ళే చూడు. ఏటా ఒక బ్యాచిని కొండకు తీసుకెళ్ళేవాణ్ణి. ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర కింద గ్రానైటు, దాని మీద దుప్పటి పరిచినట్టు క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. కింది రాయికి 200 కోట్ల ఏళ్ళు దాటాయి, పైదానికి 160 కోట్లు అని లెక్క. రెండింటి మధ్య గీత మీద వేలు పెడితే పదుల కోట్ల ఏళ్ళు ఆ వేలి కింద ఉంటాయి. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు, శిలాతోరణాన్ని కూడా. అక్కడి నుంచి పైకి వెళ్ళి, పలకలు పలకలుగా లేచిన క్వార్ట్‌జైటు మీద సీసాలోని నీళ్ళు కొంచెం పోయమనేవాణ్ణి. తడిసిన రాయి మీద అలలు తేలతాయి. తూపిలిపాళెం ఒడ్డున ఇసుక మీద చూస్తావే, అచ్చం అవే, వేలెడు దూరంలో ఒకటి. అల రెండు వాలులూ సమానంగా ఉంటే నీళ్ళు ముందుకూ వెనక్కీ ఊగిన ఒడ్డు, ఒక వాలు నిటారుగా ఉంటే ఒకే వైపు పారిన నీరు. ఒక అమ్మాయి ఆ అలల గాడుల్లో చెయ్యి పెట్టి, "సార్, ఇది ప్రళయం నాటి నీళ్ళా?" అనింది. కాదమ్మా, మామూలు రోజు నాటివి అన్నాను. 160 కోట్ల ఏళ్ళ కిందట ఏమీ జరగని ఒక సాయంత్రం, లోతు తక్కువ సముద్రం. అందులో చేప కూడా లేదు, అప్పటికి చేపలే పుట్టలేదు.

చేప అన్నాను కాబట్టి, కథలో ఆ చేప ఎట్లా పెరిగిందో చెప్పకుండా వదల్లేను. మనకు దొరికే అన్నిటికంటే పాత కథ శతపథ బ్రాహ్మణంలో ఉంది. మనువు పొద్దున చేతులు కడుక్కుంటుంటే నీళ్ళతో చేప పిల్ల చేతిలోకి వస్తుంది. అది ఏ దేవుడని అక్కడ చెప్పలేదు. ఉత్త చేప. మహాభారతం వనపర్వానికి వచ్చేసరికి 'నేను ప్రజాపతి బ్రహ్మను' అంటుంది. భాగవతంలో విష్ణువు. ఊరు కూడా మారుతుంది. శతపథంలో పడవ ఉత్తరాన కొండకు చేరుతుంది. భాగవతంలో సత్యవ్రతుడు ద్రవిడ రాజు, కృతమాల ఏటిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చేప వచ్చింది. ఆ ఏరు మదురై వైగై అంటారు. మత్స్యావతారం గుడి ఉన్న మన నాగలాపురానికి వచ్చేసరికి రాక్షసుడి పేరు కూడా మారి సోమకాసురుడయ్యాడు. కథ ఎక్కడికి వెళ్తే అక్కడి ఏటి నీళ్ళు తాగింది.

దేవుడు లేని ఆ పాత కథలో ఒక వాక్యం ఉంది, అది రాసినవాడు వరద చూసినవాడే అని నేను పందెం కాస్తా. కొండ దగ్గర పడవ ఆపాక చేప చెబుతుంది: పడవను చెట్టుకు కట్టెయ్, కానీ నువ్వు కొండ మీద ఉండగా నీళ్ళు నిన్ను విడదీసి వెళ్ళిపోనివ్వకు, నీళ్ళు ఎంత దిగితే నువ్వూ అంతంత దిగు. ఊహించి రాసే కవికి పెద్ద అలలు తోస్తాయి, మెరుపులు తోస్తాయి. తీసే నీళ్ళతోపాటు తాడు వదులుతూ దిగాలన్నది ఏటిగట్టున బతికినవాడికే తోస్తుంది. ప్రకృతి కారణం వెతకాలంటే నేను నల్లసముద్రంలో వెతకను, ఆ వాక్యంలో వెతుకుతా.

నీకు ఇంకో తమాషా. మీ ఇంట్లో ఏ పూజకైనా సంకల్పం చెబుతారు గదా, 'శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే' అని. వరాహం నీళ్ళలో మునిగిన భూమిని ఎత్తినవాడు. వైవస్వత మనువు అంటే పడవలో బతికి బయటపడ్డ సత్యవ్రతుడే. మనం దేవుడికి చెప్పుకునే చిరునామాలోనే రెండు వరదలున్నాయి. కొండ మీద తొలి దర్శనం పుష్కరిణి గట్టున ఉన్న వరాహస్వామికి ఎందుకో అడిగితే స్థలపురాణం 'ఆ చోటు ఆయనది, మనవాడు అద్దెకున్నాడు' అన్నట్టు చెబుతుంది.

వీలైతే మార్చిలో నాగలాపురం వేదనారాయణస్వామి గుడికి వెళ్ళు. నడుం కింద చేప రూపం. కృష్ణదేవరాయలు తల్లి నాగలాదేవి పేరు మీద కట్టించిన ఊరు. మూడు రోజులు సాయంత్రం ఎండ గర్భగుడిలోకి వచ్చి ఒకరోజు పాదాలు, ఒకరోజు నాభి, ఒకరోజు శిరస్సు తాకుతుంది. 2021లో తెగబోయిన రాయలచెరువు కూడా ఆ రాయలవారి కాలానిదే అంటారు. నీళ్ళ దేవుడికి గుడి కట్టి ఊరుకోకుండా చెరువుకు కట్ట కూడా వేయించారన్నమాట.

పక్కింటి అవ్వ సంగతి చెప్పి ఆపేస్తా. ఆమెకు నేను వాయుగుండం గురించి చెప్పాను, గుంట గురించి చెప్పాను. శ్రద్ధగా వినింది. "సరే గానీ, ఆయమ్మకు తెలీదా మేము ఈడుండామని?" అనింది. ఆయమ్మ అంటే మా ఊరి గ్రామదేవత గంగమ్మ. తర్వాతి జాతరకు మనవడు బండ వేషం కట్టాడు. ఆ వేషం కట్టినవాడు నోటికొచ్చినట్టు తిట్టొచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు, అది మొక్కు. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని వాడు గడప దాటుతుంటే అవ్వ వెనక నుంచి కేకేసింది: "ఆ తిట్లలో బియ్యం మూట మర్చిపోబాకురా, ఇరవై అయిదు కేజీలని చెప్పు!"